నూట ఇరవై కిలోల వార్త

పక్క వీధిలో బీరువాలు చేసే కంపెనీ వాళ్ళ షోరూములో, ఓ బీరువా అడుగు సొరుగులో పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. పెట్టిందా, పెట్టింది. పిల్లి కదా, ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా! కానీ మర్నాడు పేపర్లో సగం పేజీ వార్త. సొరుగు ఫొటో, కూనల ఫొటో, పక్కనే పళ్ళన్నీ బయటపెట్టి ఆ కంపెనీ ఓనరు ఫొటో. పైసా ఖర్చు లేకుండా!

ఆ పేపరు పట్టుకుని కుర్చీల ఫ్యాక్టరీ పెద్దాయన తన గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరగడం ఆయనకేం కొత్త కాదు. ఇరవై రెండేళ్ళుగా కుర్చీలు చేయించి ఊరంతా అమ్ముతున్నాడా, ఆయన మాత్రం ఒక్కరోజు కూర్చోగా చూసినవాళ్ళు లేరు. నడుం నొప్పి అని కొందరంటారు. నొప్పి నడుములో కాదని ఇంకొందరంటారు. మనకెందుకు ఆ గొడవ. ఆయన బల్ల కూడా ఛాతీ ఎత్తున, నిలబడి సంతకం పెట్టడానికి వీలుగా చేయించుకున్నదే. ఆయన గదిలో వేరే కుర్చీ కూడా లేదు కాబట్టి, ఆ గదిలోకి ఎవరెళ్ళినా నిలబడి తిట్లు తినాల్సిందే.

ఆ పొద్దున నిలబడ్డది వార్తలక్క.

"నూట నలభై మంది పనిచేస్తున్నారమ్మా ఇక్కడ," అన్నాడు పెద్దాయన పేపరు ఊపుతూ. "నూట నలభై మంది! ఒక పిల్లి చేసిన పని మీలో ఒక్కళ్ళూ చేయలేకపోయారా?"

ఈ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా చిక్కే మరి.

"నెలాఖరు లోపల మన కంపెనీ పేరు పేపర్లో పడాలి. డబ్బు కట్టి వేయించే ప్రకటన కాదు, వార్త! పడలేదా, నీ ప్రచార విభాగం ఎత్తేస్తా. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ స్టిక్కర్ల దగ్గరికి పో."

ప్రచార విభాగమంటే ఏదో పెద్ద హాలూ, పదిమంది మనుషులూ అనుకునేరు. మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, వాటితోపాటు వార్తలక్క. అంతే విభాగం. అయితేనేం, ఆ బల్లంటే ఆమెకి ప్రాణం. అంతకుముందు తొమ్మిదేళ్ళు స్టిక్కర్ల దగ్గరే పనిచేసింది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి నిలువుకాళ్ళ మీద ఒక్కో కుర్చీనీ బోర్లా తిప్పడం, అడుగున కంపెనీ స్టిక్కరు అంటించడం, మళ్ళీ నిలబెట్టడం. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే వేళ్ళు జిగురు వాసన. కాస్త చదువుకున్న మనిషి, నాలుగు ముక్కలు పొందిగ్గా రాయగలదు. ఎప్పుడో ఓసారి కరపత్రం రాసేవాడు సెలవు పెడితే తను రాసిచ్చింది. అది పెద్దాయనకి నచ్చింది. అలా దక్కిందీ బల్ల. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే దాన్ని తన చీర కొంగుతోనే తుడుచుకుంటోంది.

మిగిలింది మూడు వారాలు. వార్తలక్క నోటుబుక్కు పట్టుకుని ఫ్యాక్టరీ అంతా గాలించింది.

వెల్డింగు షెడ్డులో, "నీ జీవితంలో ఏదైనా విశేషం జరిగిందా?" అని అడిగితే, "మూడేళ్ళుగా జీతం పెరగలేదు, రాసుకో," అన్నాడు వెల్డరు. రంగులేసే ఆయన తన కుడి భుజం నొప్పి గురించి ముప్పావు గంట చెప్పి, ఎడమ భుజం సంగతి రేపు చెప్తానన్నాడు. వాచ్‌మన్ మాత్రం గుట్టుగా దగ్గరికి పిలిచి, గోడ దూకుతున్న దొంగని తను ఒంటి చేత్తో పట్టుకున్న వైనం కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. వార్తలక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "తర్వాత పోలీసులకి అప్పగించారా?" అని అడిగింది. "ఎక్కడమ్మా! చూస్తే పెద్దాయన బావమరిది," అన్నాడు. రాసుకున్న రెండు పేజీలూ చింపేసింది పాపం.

రోజులు గడిచిపోతున్నాయి. ఆమె పేపరాఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడ కొత్తగా చేరిన విలేకరి పిల్ల ఒకతి ఉంది. మర్యాదస్తురాలు, విసుక్కోదు, కానీ దేనికీ లొంగదు. "కొత్త రంగుల్లో కుర్చీలొచ్చాయమ్మా," అంటే "అది వార్త కాదు మేడమ్," అంటుంది. "మడత కుర్చీ కనిపెట్టారమ్మా మావాళ్ళు," అంటే "అది మా తాతయ్య దగ్గర కూడా ఉండేది మేడమ్," అంటుంది. "కుర్చీ వార్త కాదు మేడమ్. మనిషి గురించి ఏదైనా ఉంటే చెప్పండి."

నెలాఖరుకి ఇంకా ఎనిమిది రోజులుందనగా, అలాంటి ఫోనులోనే ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది: "మేడమ్, ఇందాకటి నుంచీ అడుగుదామనుకుంటున్నా. మీ వెనకాల ఆ చప్పుడేంటి? దబ్బున ఏదో పడుతోంది, కిర్రుమంటోంది, మళ్ళీ పడుతోంది."

"అదా! ఏం లేదమ్మా, గోడకి అవతల మా బరువన్నయ్య కూర్చుంటున్నాడు."

"కూర్చుంటే అంత చప్పుడా? ఎన్నిసార్లు కూర్చుంటారు?"

"నలభై. ఒక్కో కుర్చీలో నలభై సార్లు కూర్చుని లేస్తాడు. తయారైన ప్రతి లోడులోనూ ఒక కుర్చీ తీసి ఆయన ముందు పెడతారు. అది తట్టుకుంటే లోడు బయటికెళ్తుంది. నూట ఇరవై కిలోల మనిషిలే."

"అదేనా ఆయన ఉద్యోగం? కూర్చోవడమేనా?"

"పద్దెనిమిదేళ్ళుగా అదే."

అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించి, ఎవరన్నా ఎత్తుకుపోతారేమో అన్నంత జాగ్రత్తగా అంది: "మేడమ్, ఇంకెవరికీ చెప్పకండి. ఎల్లుండి వస్తున్నా."

చూశారా చోద్యం! పదకొండేళ్ళుగా ఆ దబ్బు దబ్బు మధ్యే కూర్చుని వార్త కోసం ఊరంతా వెతికింది మహాతల్లి. బరువన్నయ్య అందరికీ తెలుసు. "నూట ఇరవై కిలోల మనిషి కూర్చుని చూసిన కుర్చీలు" అని ఫ్యాక్టరీ గేటు మీద గజమంత అక్షరాలతో రాసే ఉంది. గేటు మీద రాసిందాన్ని ఎవరు చదువుతారు చెప్పండి. సంగతి విని పెద్దాయన అప్పటికప్పుడు కొత్త చొక్కా కొనుక్కురావడానికి మనిషిని పంపాడు.

ఆ సాయంత్రం వార్తలక్క గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. వాళ్ళింట్లో ముందు గదంతా ఆమె మొగుడి కుట్టుమిషనుదే. ఆయన దర్జీ. నేలంతా గుడ్డ ముక్కలు, గోడకి వేలాడే సగం సగం చొక్కాలు. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏమండీ, నా బల్ల నిలిచింది! మా బరువన్నయ్య పేపర్లోకెక్కుతున్నాడు. నూట ఇరవై కిలోల మనిషి..."

టకటకలాడుతున్న మిషను ఆగిపోయింది.

"నూట ఇరవయ్యా?" అన్నాడు మొగుడు.

"గేటు మీదే రాసుందిగా."

"గేటు మీద రాసుందిలే," అని ఆయన దారం తెంపాడు. తెంపక్కర్లేని దారం కూడా ఒకటి తెంపాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురం. మొగుడు నీళ్ళు నములుతుంటే పెళ్ళానికి తెలియదా?

"ఏంటి సంగతి?"

"ఏం లేదే."

"ఏం లేకపోతే ఆ గుండీ నోట్లో ఎందుకు పెట్టుకున్నారు?"

ఆయన గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరికీ చెప్పనని ఒట్టేశానే."

"అయితే ఎవరికి ఒట్టేశారో చెప్పకండి. సంగతి మాత్రం చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఇందులో ఒట్టు తప్పినట్టు కాదని తేల్చుకున్నట్టున్నాడు. "మీ బరువన్నయ్య నడుం కొలత ముప్పై ఎనిమిది," అన్నాడు.

ఆ తర్వాత మిగతాది ఆపినా ఆగలేదు. రెండేళ్ళ కిందట బరువన్నయ్య వచ్చి, గట్టి కాన్వాసు గుడ్డతో లోపల తొడుక్కునే చేతుల్లేని కోటు ఒకటి కుట్టించుకున్నాడట. ముందు ఆరు జేబులు, వెనక ఆరు జేబులు, ప్రతిదానికీ రెండేసి కుట్లు. జేబుల్లో ఏం పెట్టుకుంటారన్నయ్యా అంటే, బోల్టులు అన్నాడట.

వార్తలక్క గుమ్మం వైపు తిరిగింది. చెప్పులు మళ్ళీ తొడుక్కోబోయింది. ఈ వేళప్పుడు ఫ్యాక్టరీకి తాళం వేసుంటుందని గుర్తొచ్చి గుడ్డ ముక్కల మీదే కూలబడింది.

మర్నాడు అందరికన్నా ముందు గోడౌన్లోకి వెళ్ళింది. అక్కడ కుర్చీల కట్టలు తూచే పెద్ద కాటా మీద బరువన్నయ్య నిలబడి ఉన్నాడు. వంటి మీద కాన్వాసు కోటు, పక్కన బోల్టుల డబ్బా. ఒక బోల్టు జేబులో వేసుకోవడం, ముల్లు చూడడం, ఇంకోటి వేసుకోవడం. ఆమెని చూసి చేతిలోది వదిలేశాడు. అది దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది.

"చెల్లెమ్మా," అన్నాడు. పెద్ద మనిషి మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నా కొంప ముంచకమ్మా."

నోట్లో నాలుక లేని మనిషి ఆయన. ఆరోజు మాత్రం గుండెలో ఉన్నదంతా చెప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆయన ఏ ఇంటికెళ్ళినా, ముందు ఆ ఇంట్లో మంచి కుర్చీ లోపలికి పోయేది. బళ్ళో బెంచీ చివర నిలబెట్టేవాళ్ళు. బస్సులో పక్క సీటువాడు లేచిపోయేవాడు. జన్మలో మొట్టమొదటిసారి ఒక గేటు లోపల, "రావయ్యా, ఇలా కూర్చో" అన్నారు. కూర్చున్నందుకు జీతం కూడా ఇస్తామన్నారు. ఆరోజు ఇంటికెళ్ళి ఆయన ఏడ్చాడట.

ఆరేళ్ళ కిందట షుగరొచ్చింది. బరువు తగ్గకపోతే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు. ఆయన భార్య ఆ మాట పట్టుకుని నూనె సీసాకి తాళం వేసింది. పొద్దున ఉడకేసిన కూర, రాత్రి ఉడకేసిన కూర, మధ్యలో నడక. నూట ఇరవై కిలోల మనిషిని పట్టుదలగా తొంభై రెండుకి దించింది.

"కిలో తగ్గినప్పుడల్లా మా ఆవిడ సంబరపడేది చెల్లెమ్మా. నేను స్టోరుకెళ్ళి ఇంకో పది బోల్టులు అడిగేవాడిని. మొదట్లో ప్యాంటు జేబుల్లో వేసుకున్నా, అవి చాలకే ఈ కోటు. ప్రాణం నిలబడింది గానీ నా ఉద్యోగానికి అర్హతే పోయింది. పెద్దాయనకి తెలిస్తే ఊరుకుంటాడా?"

"మొహం చూసైనా ఎవరూ కనిపెట్టలేదా అన్నయ్యా?"

"వయసు మీదపడిందనుకున్నారు," అన్నాడు. అని, కాటా ముల్లు వైపు వేలు చూపించి, మొదటిసారి కాస్త గట్టిగా అన్నాడు: "కానీ ఒక్క మాట. నేను నిజంగా లావుగా ఉన్న రోజుల్లో నన్నెవరూ తూచలేదమ్మా. ఒకరోజు నూట పద్దెనిమిది ఉండేవాణ్ణి, ఒకరోజు నూట ఇరవై మూడు. ఈ రెండేళ్ళే, రోజూ సరిగ్గా నూట ఇరవై. ఒక్క గ్రాము తేడా రానివ్వలేదు."

అప్పుడే ఆ విలేకరి పిల్లకి ఫోను చేసి వద్దని చెప్పేస్తే ఏ గొడవా లేకపోను. వార్తలక్క చెప్పలేదు. మెట్ల కింద తన బల్ల చూసుకుంది, గోడ మీద క్యాలెండరు చూసుకుంది. ఏడు రోజులు. కూర్చునే బరువు నూట ఇరవై, అది నిజమే కదా. కూర్చునేది మనిషి, అదీ నిజమే కదా. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెడితే తప్పు తనదెలా అవుతుందని తనకి తనే గట్టిగా సర్దిచెప్పుకుంది. మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా పోనీలెమ్మని వదిలేసింది.

"రేపు మీరేం మాట్లాడకండన్నయ్యా," అని నేర్పింది. "ఏమడిగినా నవ్వండి. మిగతాది నేను చూసుకుంటా."

విలేకరి పిల్ల మెడలో కెమెరాతో వచ్చింది. వస్తూనే, "నా పేరుతో అచ్చయ్యే మొదటి వార్త ఇదే మేడమ్, రాత్రి నిద్ర పట్టలేదు," అంది. ఆ మాట వార్తలక్కకి ఎక్కడో గుచ్చుకుంది. పెద్దాయన కొత్త చొక్కా మడతలు విప్పకుండానే తొడుక్కుని పక్కన నిలబడ్డాడు. బరువన్నయ్య నలభై సార్లు కూర్చున్నాడు, లేచాడు. ఆ పిల్ల నోరు తెరుచుకుని లెక్కపెట్టి, ఆనందం పట్టలేక ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది.

ఠంగుమంది.

"ఏంటండీ అది?"

"తాళాలు!" అంది వార్తలక్క. "స్టోరు తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి."

"అంత నమ్మకస్తుడు," అన్నాడు పెద్దాయన గర్వంగా. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.

గండం గడిచిందనుకునేలోపల ఆ పిల్ల చివరి ప్రశ్న వేసింది. "ఇంత బరువు నిలబెట్టుకోవాలంటే మాటలా! పొద్దున్నే ఏం తింటారండీ?"

బరువన్నయ్య నవ్వాలి. నవ్వమనే కదా నేర్పింది. కానీ ఆరేళ్ళ నుంచి ఉడకేసిన కూర తింటున్న మనిషిని ఆ ప్రశ్న అడగొచ్చా? ఆయన కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి.

"గుడ్లు," అన్నాడు. "పన్నెండు. వెన్నలో వేయించినవి. అంచులు కాస్త కరకరలాడాలి. దాంతో పెద్ద రొట్టె ఒకటి. దాని మీద మళ్ళీ వెన్న."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకో రెండు గుడ్లు," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల అది వృత్తి మీద భక్తి అనుకుని, అదీ రాసుకుంది.

రెండో రోజు పేపర్లో పావు పేజీ పడింది. "కూర్చోవడమే కొలువు!" అని పెద్ద అక్షరాల్లో, కింద బరువన్నయ్య రంగుల ఫొటో, నూట ఇరవై కిలోలు, పన్నెండు గుడ్లు, వెన్న, అన్నీ. సగం పేజీ కాదుగానీ, పిల్లికి రంగుల ఫొటో పడలేదు కదా అని పెద్దాయన ఆనందపడిపోయాడు. "నీ బల్ల ఎక్కడికీ పోదమ్మా!" అన్నాడు. ఆ మాట రెండున్నర గంటలు నిలబడింది.

పదిన్నరకి బరువన్నయ్య భార్య వచ్చింది. నిలబడితే అయిదడుగులుండదు మనిషి. చేతిలో పేపరు చుట్ట. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరమ్మా అనేలోపల లోపలికొచ్చి, వెల్డింగు చప్పుడుని మించిన గొంతుతో షెడ్డు మొత్తాన్నీ అడిగింది: "ఎవరది? నా మొగుడికి రోజూ పన్నెండు గుడ్లు వెన్నలో వేయించి పెడుతున్న ఆ మహాతల్లి ఎవరు?"

క్షణంలో అందరూ పెద్దాయన గదిలో ఉన్నారు. బరువన్నయ్య, భార్య, వార్తలక్క, గుమ్మం బయట సగం ఫ్యాక్టరీ.

"అమ్మా, శాంతించు," అన్నాడు పెద్దాయన. "నూట ఇరవై కిలోల మనిషి ఆమాత్రం తినడా?"

"ఎవరండీ నూట ఇరవై?" అని ఆవిడ సంచీలోంచి ఆసుపత్రి చీటీ తీసి ఛాతీ ఎత్తు బల్ల మీదికి విసిరింది. "తొంభై రెండు! గ్రాము గ్రాము లెక్కన దించానండీ నేను. మా వీధంతా పేపరు చదివి నన్ను చూసి నవ్వుతోంది. పోనీ నవ్వనీ. ఈ గుడ్లు మాత్రం ఎక్కడివి? మా ఇంట్లో నేను పెట్టలేదు. మరి ఏ ఇంట్లో తింటున్నట్టు?"

బరువన్నయ్య తల దించుకున్నాడు. గుడ్లు అబద్ధమంటే ఉద్యోగం పోతుంది. నిజమంటే కాపురం పోతుంది. ఏమనగలడు?

ఆయన మాట్లాడకపోయేసరికి ఆవిడ గొంతులో వేడి చప్పున దిగిపోయింది. "ఆరేళ్ళయిందండీ," అంది, ఎవరితోనో కాదు, మొగుడితోనే. "ఆరేళ్ళుగా నేను కూడా వెన్న ముట్టలేదు. మీరు తినలేంది నా నోటికెలా పోతుందని." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

వార్తలక్కకి ఇంక నిలబడడం చేతకాలేదు. బల్ల పోతుందని తెలుసు, అప్పటికప్పుడే తెలుసు. అయినా ముందుకొచ్చింది.

"వదినా, ఎవరూ లేరు. గుడ్లూ లేవు. అన్నయ్యా, చొక్కా ఎత్తండి."

ఆయన ఎత్తాడు. ఆవిడ చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఒక జేబులోంచి బోల్టు తీసింది, ఇంకో జేబులోంచి ఇంకోటి తీసింది. లోపల ఎంతుందో అర్థమైంది. "ఇంత ఇనుము మోస్తున్నారా రోజూ? దీనికన్నా ఇంకో ఆవిడ ఉంటేనే నయం కదండీ!" అంది. అని ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది.

పెద్దాయన బోల్టుని వెలుతురులో తిప్పి చూశాడు. కంపెనీ బోల్టే. ఆయన బుర్ర పనిచేయడం మొహంలో కనిపించింది. "ఇరవై ఎనిమిది కిలోల ఇనుము కూర్చుంటే సరిపోయిందంటే," అన్నాడు నెమ్మదిగా, "నూట ఇరవై కిలోల ఇనుము మూట కట్టి కుర్చీలో పెడితే సరిపోదా? ఇంక మనిషెందుకు?"

బరువన్నయ్య తలెత్తాడు.

"మూట లేవదండీ," అన్నాడు.

"ఏంటి?"

"కుర్చీ కూర్చుంటే విరగదండీ. లేచేటప్పుడు విరుగుతుంది. లేచేటప్పుడు మనిషి ఒక పక్కకి ఒరుగుతాడు, చేతుల మీద బరువు వేస్తాడు, ముందు కాళ్ళ మీదికి తోస్తాడు. ఫోను మోగితే ఒకలా లేస్తాడు. ఇష్టంలేని చుట్టమొస్తే ఇంకోలా లేస్తాడు. నలభై సార్లూ నేను నలభై రకాలుగా లేస్తానండీ. తమరు ఎప్పుడూ కూర్చోరు, అందుకని లేవడం తమకి తెలియదు."

పెద్దాయన మొహం ఎర్రబడింది, మళ్ళీ మామూలయింది.

"ఇష్టంలేని చుట్టమొస్తే ఎలా లేస్తారు?" అని అడిగాడు.

బయటి నుంచి కుర్చీ తెప్పించారు. బరువన్నయ్య లేచి చూపించాడు. ఎడమ చెయ్యి కుర్చీ మీదే ఉంచి, సగం లేచి, మళ్ళీ కూర్చోబోయి, తప్పదని లేచాడు. కుర్చీ మూడుచోట్ల మూలిగింది. పెద్దాయన వంగి ఆ మూలిగిన చోట్లు చూశాడు. అంతసేపు వంగినందుకు నడుం పట్టేసుకుంది కూడా.

"సరే, ఉండు," అన్నాడు చివరికి. "ఆ ఇనుమేదో పైనే వేసుకుని కూర్చో. దొంగచాటుగా వద్దు."

"మరి ఈ గుడ్ల మాటేంటి?" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "తప్పని పేపర్లో పడాలి. మా వీధిలో అందరూ చదవాలి." ఆ మాట తీసుకున్నాకే కదిలింది. పోతూ మొగుడితో, "సాయంత్రం ఇంటికి రండి, చెప్తా," అని కూడా అంది.

సవరణ రాసే పని వార్తలక్కది. రాయడానికి పది నిమిషాలు పట్టలేదు. "ఆయన బరువు తొంభై రెండు కిలోలు. మిగతా ఇరవై ఎనిమిది ఇనుము. ఆయనకి ఎవరూ గుడ్లు పెట్టడం లేదు. పొరపాటు విలేకరిది కాదు. ఇనుము సంగతి మాకు ముందే తెలుసు, తెలిసీ దాచాం."

పెద్దాయన నిలబడి చదివాడు, మళ్ళీ చదివాడు.

"చివరి రెండూ కొట్టెయ్," అన్నాడు. "విలేకరి తొందరపడి రాసిందని పెట్టు. పేపరు వాళ్ళు రోజూ తప్పులు రాస్తూనే ఉంటారు, ఎవరికేం నష్టం? అలా పెడితే నీ బల్ల నీదే. ఇంకో మాట మాట్లాడను."

ఆమె అప్పటికప్పుడు వద్దందని చెప్తే అబద్ధమే అవుతుంది. కాగితం వెనక్కి తీసుకుంది. పెన్ను మూత కూడా తీసింది. తొమ్మిదేళ్ళ జిగురు వాసన ముక్కుకి తగిలినట్టే అయింది. ఈ వయసులో మళ్ళీ నిలువుకాళ్ళ మీద! రాత్రి నిద్ర పట్టలేదన్న ఆ పిల్ల మొహమూ కళ్ళ ముందే ఉంది. ఎంత తోలుదామన్నా పోలేదు.

"మాకు అన్నచోట నాకు అని మారుస్తానండీ," అంది. "దాచాం అన్నచోట దాచాను అని పెడతా. కంపెనీ పేరు రాదు. తప్పు నాది, ఆ పిల్లది కాదు. అంతకుమించి మార్చను."

పెద్దాయన ఆమెని ఎగాదిగా చూశాడు. సంతకం పెట్టాడు. "ఒకటో తారీఖు నుంచి స్టిక్కర్లు," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది అనిపించింది ఆమెకి.

బయటికొచ్చింది. ఎండలో ఆవరణంతా అప్పుడే రంగు ఆరిన కుర్చీల వరసలు. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడబోయింది.

"చెల్లెమ్మా! ఆగు, ఆగు! కూర్చోకు!" అంటూ షెడ్డులోంచి బరువన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. కాన్వాసు కోటు చొక్కా పైనే ఉంది, పన్నెండు జేబులూ గలగలమంటున్నాయి. "ఆ లోడు ఇంకా చూడలేదమ్మా!"

"విరిగితే విరగనీ అన్నయ్యా. ఇంక నాకేం పోయేదుంది!" అంది. అంటూనే ఏడుపొచ్చేసింది.

"అదేం మాట!" అన్నాడు ఆయన, నిజంగానే కోపమొచ్చి. ఆమెని పక్కకి జరిపి, తనే ఆ కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. చేతుల మీద బరువు వేసి లేచాడు, పక్కకి ఒరిగి లేచాడు. భోజనాల గంట కొట్టారు. అందరూ డబ్బాలు పట్టుకుని వాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోయారు. ఆయన ఆపలేదు. చొక్కా చెమటకి తడిసిపోయింది. ఇరవై దాటాక వార్తలక్క ముక్కు ఎగబీలుస్తూనే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై దగ్గర ఇష్టంలేని చుట్టమొచ్చినట్టు లేస్తే, ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకి.

నలభై అయ్యాక బరువన్నయ్య ఆయాసపడుతూ కుర్చీని అటూ ఇటూ ఊపి చూశాడు. వంగి నాలుగు కాళ్ళూ తడిమాడు. దాన్ని ఎత్తి గోడ నీడలోకి తెచ్చి పెట్టి, అరచేత్తో దుమ్ము తుడిచాడు.

"ఇప్పుడు కూర్చోమ్మా," అన్నాడు.

వార్తలక్క కూర్చుంది.